సూది పడిన మోకాలు

“శనివారం రెండింటి నుంచి అయిదింటి దాకా ఈ కుర్చీలోంచి లేవలేదన్నారు.”

“లేవలేదమ్మా. లేవగలిగితే కదా లేవడం!”

పెద్దసార్ ఎడమ కాలు ఎదుటి స్టూలు మీద, రెండు దిండ్ల మధ్య ఉంది. పంట్లాం మడిచిన చోట మోకాలు గుమ్మడిపండులా ఉబ్బి మెరుస్తోంది. కుడికాలికి బూటు, ఎడమకాలికి రబ్బరు చెప్పు. గదిలో ట్యూబులైటు తప్ప వేరే వెలుతురు లేకపోయినా నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు.

ఎదురుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టరమ్మను డిపార్ట్‌మెంటులో అందరూ పిన్నీసు అంటారు. సన్నగా ఉండడం ఒక కారణం. ఎక్కడ గుచ్చుకుందో వెతుక్కునేలోపే రక్తం కనిపిస్తుందన్నది రెండో కారణం. తనకా పేరుందని ఆమెకు తెలుసు. విన్నప్పుడు కోపం కూడా రాదు.

“కళ్లద్దాలు తీస్తారా?”

తీశాడు. ఎడమ కన్ను నిప్పుకణికలా ఉంది.

“కన్నెందుకు ఎర్రబడింది?”

“పన్నెండేళ్లు నా దగ్గర పనిచేసిన పిల్ల పోయిందమ్మా. ఏడవకుండా ఎలా ఉంటాను?”

“రెండు కళ్లతో ఏడిస్తే ఒక్కటే ఎర్రబడిందా?”

తలుపు దగ్గర నిలబడ్డ ఇంకో ఇన్‌స్పెక్టరు గట్టిగా దగ్గాడు. ఆయనకీ ఒక పేరుంది, ఫుల్‌స్టాప్. ఎంత పెద్ద కేసైనా రెండో రోజు సాయంత్రానికి చుక్క పెట్టేస్తాడని. ఈ కేసుకు కూడా మంగళవారమే చుక్క పెట్టాడు. బుధవారం పొద్దున పైఅధికారి ఫైలు పిన్నీసు చేతికిచ్చి, “సాయంత్రం దాకా చూడు, ఏమీ లేకపోతే వాడు రాసిందే కోర్టుకు పోతుంది” అన్నాడు. అందుకే ఫుల్‌స్టాప్ మొహం ముడుచుకుని ఉంది.

“కాలి రెండో వేలు ఉబ్బింది. ఏమైంది?”

“గడపకు కొట్టుకున్నాను.”

“మడమ కింద మెత్త పెట్టుకున్నారు.”

“వయసు.”

“మోకాలు?”

“బాత్రూంలో జారాను. ఎముకల డాక్టరు సర్టిఫికెట్టు మీవాళ్లకు ఇచ్చేశాగా. పోయిన నెల ఇరవైనాలుగున. మెట్లెక్కరాదని రాశాడు, చూసుకోండి.”

“ఒక్క నెలలో ఇన్ని దెబ్బలా! మా లాకప్పులో ఉన్నవాడికి కూడా ఇన్ని తగల్లేదు.” ఆమె ఫుల్‌స్టాప్ వైపు చూడకుండానే ఆ మాట ఆయన మీదికి విసిరింది. “ఇంకొక్కటి. పోయిన నెల మూడో తారీకున అనాథ పిల్లల వసతి గృహంలో భోజనం చేశారా?”

పెద్దసార్ చెయ్యి దిండు అంచు మీద ఆగింది.

“కమిటీ అధ్యక్షుణ్ణి కాబట్టి వెళ్లాను. పిల్లల్ని పలకరించి వచ్చేశాను. మంచినీళ్లు కూడా ముట్టలేదు.”

“మర్నాడు కడుపు బాగానే ఉందా?”

“నా కడుపుకేమమ్మా, దుక్కలా ఉంది.”

పిన్నీసు నోటుబుక్కులో రాసుకుంది. బల్ల మీదున్న కంటిచుక్కల సీసా తీసి, దానికి అంటించిన మందుల షాపు చీటీ చదివి, ఎక్కడిదక్కడ పెట్టి బయటికి నడిచింది.

ఆ కట్టడం ఒక ల్యాబు. జనం తినే తిండిలో సూక్ష్మక్రిములు ఉన్నాయో లేదో చూసి కాగితం ఇస్తారు. ఆ కాగితం మీద చివరి సంతకం పెద్దసార్‌ది. పరీక్షలన్నీ చేసేది సీనియర్ అనలిస్టు. ముప్పై ఆరేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు, తమ్ముణ్ణి తానే పెంచి పెద్దచేసింది. శనివారం ఒంటిగంటకు ల్యాబు మూసేశారు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి, డాబా మీదున్న ఫ్రీజర్ గదిలో ఆమె తలుపుకు ఆనుకుని కూర్చుని గడ్డకట్టి కనిపించింది. గోళ్లు నాలుగు ఊడిపోయి ఉన్నాయి.

డాబాకు లిఫ్టు లేదు. కట్టడం వెనకగోడకు ఇనుప మెట్లు. పిన్నీసు ఎక్కుతూ లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

“ఎందుకు మేడమ్ ఈ తిప్పలు?” వెనకాల ఆయాసపడుతూ ఫుల్‌స్టాప్. “లోపలున్నవాళ్లు తలుపు తెరుచుకునే గొళ్లెం విప్పింది ఆమె తమ్ముడే. ఫ్రిజ్ మెకానిక్. శుక్రవారం విప్పాడు, శనివారం మళ్లీ వచ్చాడు. గేటు పుస్తకంలో ఉంది, ఒంటిగంటా యాభైకి లోపలికి, రెండూ అయిదుకు బయటికి. వెళ్లిపోయాడా? లేదు. ఎదురుగా టీ కొట్టులో మూడింటి దాకా ఈ బిల్డింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. వాడి పెళ్లికి అక్క అడ్డం. ఇంకేం కావాలి? ఒప్పుకున్నాడు కూడా.”

“ఎన్నో వేలు దగ్గర ఒప్పుకున్నాడు?”

ఫుల్‌స్టాప్ మెట్టు మీద ఆగిపోయాడు. “ఏంటి మేడమ్ మీరనేది?”

“కుడిచేతికి మూడు వేళ్లు వంకరపోయాయి. మెకానిక్కు ఆ చెయ్యే అన్నం పెడుతుంది. పొద్దున లాకప్పులో చూశాను. నాలుగో వేలు బాగానే ఉంది, అందుకే అడుగుతున్నా.”

“పని నేర్పిస్తున్నారా నాకు?”

“నేర్చుకునే వయసు దాటిపోయింది మీకు.”

ఫ్రీజర్ గది తలుపు జానెడు మందం. లోపలివైపు గొళ్లెం ఉండాల్సిన చోట రెండు బొక్కలు. బయటి పిడి బాగానే ఉంది. పిడి చుట్టూ తెగిన తీగముక్క ఒకటి మెలితిరిగి ఉంది. పొద్దున మెకానిక్ చెప్పినదాన్ని ఆమె గుర్తుచేసుకుంది. ‘గొళ్లెం విరిగింది, కొత్తది సోమవారం వస్తుంది, ఈలోగా ఎవరూ లోపలికెళ్లొద్దని అట్ట మీద రాసి తీగతో కట్టాను మేడమ్. పెద్దసార్‌కి చెప్పాను కూడా. అక్క ఆ రోజు ఊళ్లో లేదు, శాంపిళ్లకు పోయింది.’ పెద్దసార్ మాత్రం తనకెవరూ ఏమీ చెప్పలేదంటున్నాడు. తీగముక్క ఉంది. అట్ట లేదు.

తలుపు పక్కన గోడకు అద్దం బిగించిన చిన్న పెట్టె. అందులో గడియారంలా తిరిగే కాగితం, దాని మీద వేడీ చలీ గీసే పెన్ను. వారమంతా లోపల ఎంత చలి ఉందో ఆ గీత చెబుతుంది. పిన్నీసు కాగితం విప్పి వెలుగులోకి పట్టింది.

“సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. వారమంతా గీత సమంగా ఉంది. శనివారం రెండూ పదికి తలుపు తీశారు, గీత లేచింది. రెండూ ఇరవైఅయిదుకు మూశారు, దిగడం మొదలెట్టింది. కానీ పూర్తిగా దిగలేదు చూడండి. అర డిగ్రీ పైనే ఉండిపోయింది. నాలుగున్నర దాకా. ఆ తర్వాత మెల్లగా ఇరవైకి చేరింది.”

“మోటారులో తేడా అయ్యుంటుంది.”

“మోటారు కాదు. లోపల వెచ్చగా ఏదో ఉంది. రెండు గంటలు వెచ్చగా ఉంది, తర్వాత లేదు.”

ఫుల్‌స్టాప్ మొహం తిప్పుకున్నాడు. కాగితం వైపు మళ్లీ చూడలేదు కూడా.

“రెండూ అయిదుకు గేటు దాటినవాడు రెండూ ఇరవైఅయిదుకు ఈ తలుపెలా మూశాడు?”

“గోడ దూకాడేమో.”

“మూడు వేళ్లు విరిచినా ఆ మాట మాత్రం చెప్పలేదా మీకు?”

తలుపుకు మూరెడు దూరంలో ఒక ప్లాస్టిక్ పెట్టె బోర్లించి ఉంది. శాంపిళ్లు మోసే పెట్టె. ఇలాంటివి కిందే ఉండాలి, పైకి తేవద్దని గోడ మీద రాసే ఉంది. పెట్టె మీద దుమ్ములో మనిషి కూర్చున్న చదును కనిపిస్తోంది. పిన్నీసు మోకాళ్ల మీద వంగి, మెట్ల చివర నేలలా పరిచిన ఇనుప జాలీ సందులోంచి కిందికి చూసింది. రెండడుగుల కింద, వాననీటి గొట్టం మెడ మీద వెండిరేకు ముక్క ఒకటి మెరుస్తోంది. కర్రకు బంక పూసి పైకి లాగించింది. మాత్రల పట్టీ. నాలుగు గూళ్లలో రెండు ఖాళీ. వాపులకూ నొప్పులకూ వేసుకునే మందు.

“ఎవరో ఇక్కడ కూర్చుని నొప్పిమాత్రలు మింగారు,” అంది లేస్తూ. “నేను డాక్టరు దగ్గరికి పోతున్నా. మీరు వస్తారా, ఇంకో వేలు చూసుకుంటారా?”

*

కంటిచుక్కల మీది చీటీలో మందుల షాపు ఫోను నంబరుంది. షాపువాడు పుస్తకం తిరగేసి చెప్పాడు. అదే పేరు మీద ఈ నెల ఎనిమిదో తారీకు గురువారం, కీళ్ల డాక్టరమ్మ చీటీతో ఒక ఇంజెక్షను వెళ్లింది. కోర్టు అనుమతి కాగితం బల్ల మీద పెట్టేదాకా డాక్టరమ్మ నోరు విప్పలేదు. విప్పాక మాత్రం సుత్తితో కొట్టినట్టు మాట్లాడింది.

“బాత్రూంలో జారాడా? ఎవరు చెప్పారు? ఆ మోకాల్లో దెబ్బ లేదు. అరవై మిల్లీలీటర్ల నీరు తీశాను. ఎముకల డాక్టరు అంతకుముందు తీసింది కూడా పరీక్ష చేశారు. రెండుసార్లూ క్రిమి లేదు. చీము లేదు. అయినా వాపు.”

“క్రిమి లేకుండా వాపెందుకొస్తుంది?” ఫుల్‌స్టాప్ అడిగాడు. ఆయన మానలేక వచ్చాడు.

“క్రిమి మోకాల్లో ఉండదు కాబట్టే దీనికో వేరే పేరు పెట్టారు. రియాక్టివ్ ఆర్థరైటిస్. క్రిమి మొదట దూరేది పేగులోకి, లేదంటే మూత్రం దారిలోకి. ఒళ్లు దానితో పోరాడి గెలుస్తుంది. గెలిచాక ఊరుకోదు. ఒకటి నుంచి నాలుగు వారాల్లో తన కీళ్లనే కరవడం మొదలుపెడుతుంది. ఎక్కువగా కాళ్లు. ఒక మోకాలు, ఒక చీలమండ, అదీ రెండు వైపులా సమానంగా రాదు. మడమ దగ్గర కండరం ఎముకకు అతుక్కునే చోట నొప్పి. ఒక వేలు మొత్తం ఉబ్బిపోతుంది. కన్ను ఎర్రబడుతుంది. ఇవన్నీ వేర్వేరు జబ్బులనుకుని జనం నలుగురు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. ఇతనూ తిరిగాడు. ఎముకల డాక్టరు రెండు వారాలు యాంటీబయాటిక్స్ మింగించాడు, దండగ. మూత్రం దారిలో క్రిమి ఇంకా మిగిలుంటే వాటికి పనుంది. పేగు నుంచి వచ్చినదానికి, కీళ్లు ఉబ్బాక, అవేం చేస్తాయి?”

“మామూలు కీళ్లవాతం కాదా ఇది?”

“కాదు. ఆ రక్తపరీక్ష ఇతనికి లేదనే వచ్చింది. ఇది వెన్నెముకను పట్టే వాతాల కుటుంబంలోది. నడుం బిగుసుకుపోయే జబ్బు, సొరియాసిస్‌తో వచ్చే కీళ్ల జబ్బు, ఇది, అన్నీ తోబుట్టువులు. బి ట్వంటీసెవెన్ అని రక్తంలో ఒక గుర్తుంటుంది, అది ఉన్నవాళ్లకు ఎక్కువగా, గట్టిగా వస్తుంది. ఇతనికి ఉంది. ఆరు నెలల్లోపు తగ్గితే తాత్కాలికం అంటాం, దాటితే దీర్ఘకాలికం. చాలామందికి ఆరు నెలల్లో, ఏడాదిలో తగ్గిపోతుంది. మొదట వాపుమాత్రలు. లొంగకపోతే, కీల్లో క్రిమి లేదని తేల్చుకున్నాక, స్టెరాయిడ్ సూది సూటిగా అందులోకే. మొండికేస్తే సల్ఫసలజైన్, మెథోట్రెక్సేట్ లాంటివి నెలల తరబడి.”

పిన్నీసు పెన్ను ఆపింది. “ఇతనికి దారి ఏది? పేగా, మూత్రమా?”

“మూత్రానికి పరీక్ష చేశాను. ఏమీ లేదు. ఇక మిగిలింది పేగే. విరేచనాలయ్యాయా అని మూడుసార్లు అడిగా. లేదన్నాడు. అబద్ధం. జబ్బు అబద్ధమాడదు కదా. మోకాలు ఎప్పుడు ఉబ్బిందన్నాడో చూడండి, పోయిన నెల ఇరవైరెండు.”

మూడో తారీకు నుంచి పంతొమ్మిది రోజులు. పిన్నీసు లెక్క రాసి కింద గీత గీసింది.

“గురువారం సూది వేశారు. శనివారం మధ్యాహ్నానికి ముప్పై నాలుగు మెట్లు ఎక్కగలడా?”

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. “నీరంతా తీసేసి సూది వేశాక రెండో రోజుకు చాలామందికి మోకాలు కొత్తదైనట్టుంటుంది. ఎక్కగలడు. కానీ ఎక్కకూడదు, విశ్రాంతిగా ఉండమని చెప్పే పంపాను. ఎక్కితే ఆ సుఖం ఎంతోసేపు నిలవదు. దిగేటప్పుడు తెలుస్తుంది.”

బయటికొచ్చి జీపెక్కాక ఫుల్‌స్టాప్ గొణిగాడు. “నాకు ఇరవైనాలుగో తారీకు సర్టిఫికెట్టే చూపించాడు. ఎనిమిదో తారీకు సంగతి చెప్పలేదు.”

“మీరు అడగలేదు. తిన్నాడని ఒప్పుకుంటే ఏం పోతుందో ఇప్పుడు చెబుతా, వినండి. ఆ వసతి గృహంలో మూడో తారీకు భోజనం తిని పదకొండుమంది పిల్లలు పడ్డారు. ఆరున ఒక పాప పోయింది. మిగిలిన అన్నం, కూర శాంపిలు ఈ ల్యాబుకే వచ్చాయి. క్రిమి లేదు, తిండి శుభ్రంగా ఉందని ఈయనే సంతకం పెట్టాడు. ఆ కాగితం చూసి వంటగది మూయలేదు. మరుసటి వారం ఇంకో ఇద్దరు పిల్లలు పోయారు. అక్కడ వంట కాంట్రాక్టు ఎవరిదో తెలుసా?”

“ఎవరిది?”

“ఈయన అల్లుడిది.”

*

మూడు గంటలకు పెద్దసార్‌ను వెనకవైపు మెట్ల దగ్గరికి తీసుకొచ్చారు. కర్ర ఆనించుకుని ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చాడు. ఈసారి నటన లేదు, మొహం పాలిపోయి ఉంది.

“మీరెక్కలేరని కోర్టులో రుజువు కావాలి సార్,” అంది పిన్నీసు మెత్తగా. “మెట్లెక్కండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసుకుంటాం. మెకానిక్ మీద కేసు అంత గట్టిపడుతుంది.”

ఆ మాట ఆయనకు నచ్చింది. కమ్మీ పట్టుకుని ఆరు మెట్లెక్కి ఆగాడు. “ఇక నావల్ల కాదమ్మా.”

“ఆరు,” అని రాసుకుంది. “ఇంకో ఆరు.”

“కాదంటుంటే?”

“ఇద్దరు కానిస్టేబుళ్లను పక్కన పెడతా. ఎత్తి పెడతారు.”

పన్నెండో మెట్టు దగ్గర ఆయన మూలిగాడు. పద్దెనిమిదో మెట్టు దగ్గర చెమట గడ్డం మీదుగా కారింది. ఫుల్‌స్టాప్ కిందినుంచి పిలిచాడు. “మేడమ్, చాలు. నిజంగానే నొప్పిగా ఉందతనికి.”

“నిజంగానే. జబ్బు నిజం, వాపు నిజం, నొప్పి నిజం. అన్నీ నిజమయ్యేసరికి అందరూ మిగతాది కూడా నమ్మేశారు.” ఆమె ఆయన వెనకాలే ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. “ఎనిమిదో తారీకున సూది వేయించుకున్నారు. పదో తారీకున మోకాలు మెత్తగా వంగింది. మెకానిక్ వచ్చేసరికి మీరు కుర్చీలో లేరు, కిటికీ దగ్గర నిలబడున్నారు. చేతిలో కర్ర కూడా లేదు. ‘సామాను సోమవారం కదా వచ్చేది, పైకెందుకు, పో’ అన్నారు. వాడు పోయి, అక్క వస్తే కలుద్దామని టీ కొట్టులో కూర్చున్నాడు. పైన అక్క ఉందని వాడికి తెలీదు. మీకు తెలుసు. ఎక్కండి.”

“డాక్టరు మాటలు పట్టుకుని…”

“ఎక్కండి.”

ముప్పై నాలుగో మెట్టు మీదికి రాగానే ఆయన కాలు వణికి, ఎదురుగా కనిపించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూలబడ్డాడు. ఎవరూ చూపించలేదు. తడుముకోకుండా కూర్చున్నాడు. ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలినుంచి చలి పొగలా బయటికి పాకుతోంది.

పిన్నీసు జేబులోంచి ఒక సంచి తీసింది. అందులో చిటికెన వేలంత సీసాలు రెండు, ఒకదానికొకటి టేపుతో అంటించినవి.

“పోయిన నెల అయిదో తారీకున మీరు అనలిస్టు చేతికి ఒక విరేచనం శాంపిలిచ్చారు. ఎవరో బంధువుదని చెప్పారు. ఆమె అమాయకురాలు కాదు. దీని మీద ‘పె.సా. 5’ అని రాసుకుంది. పెద్దసార్, అయిదో తారీకు. రెండోది ‘పిల్లల భోజనం 3’. తాను చేసిన పరీక్ష ఫలితం కూడా రాసి సీసాలకు చుట్టింది. రెండిట్లోనూ ఒకే క్రిమి. ఒకే మందుకు లొంగుతుంది, ఒకే మందుకు లొంగదు.”

“అబద్ధం! అవి పైఅరలో ఎర్రడబ్బాలో ఉండాలి. ఆ డబ్బాలోంచి ఎప్పుడు…”

మాట సగంలో ఆగింది. ఆపడానికి ఆలస్యమైంది.

“ఎప్పుడు తీసిందా? మీరు తలుపు మూసే లోపే తీసింది. అందుకోసమేగా వచ్చింది. లోపలి జాకెట్టులో, ఒంటికి ఆనించి దాచుకుంది. శవం దగ్గర దొరికిన వస్తువుల పట్టీలో ఏడో నంబరు. ఈ ఇన్‌స్పెక్టరు గారు చదవలేదు. మీరేమో సోమవారం తీసేద్దాం అనుకున్నారు. శనివారం సాయంత్రానికి మోకాలు తిరగబడింది. ఇక పైకి ఎక్కలేకపోయారు.”

పెద్దసార్ చాలాసేపు తన మోకాలు వైపే చూశాడు. ఎవరిదో మోకాలు తన ఒళ్లో పెట్టి పోయినట్టు.

“సోమవారం ఆరోగ్యశాఖకు ఇస్తానంది,” అన్నాడు చివరికి. గొంతులో ఏడుపు లేదు, విసుగు ఉంది. “కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ‘ముగ్గురు పిల్లలు పోయారు సార్’ అంటుంది. తెలీదా నాకు? పోయినవాళ్లు తిరిగొస్తారా? నా కూతురికి రెండేళ్ల బిడ్డ. అల్లుడు జైలుకు పోతే దాని గతేంటి? ఒక్క సంతకం. పన్నెండేళ్లు అన్నం పెట్టిన మనిషి కోసం ఒక్కటి మర్చిపోలేదా?”

“అట్ట మీరే తెంపారా?”

“శుక్రవారం సాయంత్రం తోటపనివాడితో తెంపించాను. శనివారం నేను పైకొచ్చేసరికి అది లోపల డబ్బాలు వెతుకుతోంది. తలుపు నెట్టాను. అంతే. ఎంత తేలిగ్గా మూసుకుందో!”

“మూసి, దిగిపోలేదు మీరు.”

“దిగుదామనుకున్నా. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే మోకాల్లో కత్తి దిగినట్టయింది. ఇంకో అడుగు పడలేదు. అది పైకి తెచ్చిన శాంపిలు పెట్టె పక్కనే చేతికందితే లాక్కుని, ఇదిగో, ఇలాగే కూర్చున్నా. రెండు మాత్రలు వేసుకున్నా. అవి పనిచేసేదాకా కూర్చోవాల్సిందేగా.”

ఫుల్‌స్టాప్ పైదాకా వచ్చేశాడు. కూర్చున్న మనిషికీ తలుపు పిడికీ మధ్య దూరం చూశాడు. చెయ్యి చాపితే చాలు.

“కొట్టిందా తలుపు?” అని అడిగింది ఆయనే.

“కొట్టింది. మొదట్లో గట్టిగా. ‘సార్, గొళ్లెం లేదు, తలుపు పడిపోయింది’ అని. పొరపాటున పడిందనుకుంది పాపం. నేనిక్కడున్నానని దగ్గు విని తెలుసుకుంది. అప్పట్నుంచీ బతిమాలింది. సీసాలు ఇచ్చేస్తానంది. తర్వాత కొట్టడం ఆగి, గీకడం. అది వినలేకపోయా.”

“వినలేక ఏం చేశారు?”

“చెవులు మూసుకున్నా. నాలుగింటికి నొప్పి కాస్త తగ్గింది. దిగిపోయా.”

తెరిచి ఉన్న తలుపు లోపల ఏదో కదిలింది. చలిపొగలోంచి అనలిస్టు తమ్ముడు బయటికొచ్చాడు. గొళ్లెం ఎలా విరిగిందో కొలతలతో చూపించడానికి, లాకప్పులోంచి తెచ్చి పిన్నీసే అరగంట కిందట లోపల పెట్టింది. వెంట ఒక కానిస్టేబుల్. మెకానిక్ కుడిచేతికి కట్టు, ఎడమచేతిలో స్క్రూడ్రైవరు. కనుబొమల మీద మంచుపొడి. అతను వినాలని ఆమె అనుకోలేదు, వినకూడదనీ అనుకోలేదు. ఇప్పుడతని మొహం చూశాక, వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

కానిస్టేబుల్ భుజం పట్టుకోబోయాడు. మెకానిక్ విదిలించుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. కూర్చున్న మనిషి లేవలేడు. మోకాలు లేవనివ్వదు. ఫుల్‌స్టాప్ నడుం మీది తుపాకీ దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. పిన్నీసు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. రావడానికి ఒక క్షణం ఆలస్యం చేసింది. ఆ క్షణం సంగతి రిపోర్టులో రాయదలుచుకోలేదు.

“నన్ను పిలిచిందా?” మెకానిక్ ఆమె భుజం మీదుగా అడిగాడు. అరవలేదు. “మా అక్క నన్ను పిలిచిందా సార్?”

పెద్దసార్ తలెత్తాడు. అబద్ధం చెప్పడానికి ఆయనకు కారణాలన్నీ అయిపోయాయి.

“పిలిచింది. నన్ను పిలిచి పిలిచి విసిగిపోయాక, ఇక నిన్నే పిలిచింది.”

“అప్పుడు టైమెంత?”

“మూడు కాలేదింకా. నువ్వు ఎదురుగా టీ కొట్టులో ఉన్నావు. నేనిక్కడ లేచి నిలబడితే నీకు కనిపిస్తానేమోనని పక్కకు జరిగి కూర్చున్నా. గ్లాసు కడిగిచ్చి నువ్వు లేచి వెళ్లేదాకా పిలుస్తూనే ఉంది.”

మెకానిక్ గోడ మీదుగా రోడ్డు అవతలికి చూశాడు. టీ కొట్టు బల్ల, దాని మీద ఖాళీ గ్లాసులు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎడమచేతి వేళ్లు వదులయ్యాయి. స్క్రూడ్రైవరు జాలీ మీద పడి, అంచు దాటి, ఒక్కో ఇనుప మెట్టుకూ తగులుతూ కిందికి పోయింది. అది నేలకు చేరేదాకా పైన ఎవరూ మాట్లాడలేదు.